ఏ పేజీకి ఏ చదువు: గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం



గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరెత్తగానే ఆయన మనల్ని ఎలా రాయమన్నారో గుర్తొస్తుంది. వాడుక భాష ఉద్యమం, 1919లో మొదలుపెట్టిన ‘తెలుగు’ పత్రిక, పండితులతో ఎడతెగని వాదాలు, ఏటా ఆగస్టు 29న మనం జరుపుకునే భాషా దినోత్సవం, ఇవన్నీ రాత చుట్టూ తిరిగేవే. ఈ పూట నేను రెండో వైపు నుంచి వస్తాను. రాయడం గురించి అంత గట్టిగా మాట్లాడిన మనిషి చదవడం ఎలా చదివాడు?

1880లో పర్లాకిమిడి బడిలో మేష్టరుగా చేరారాయన. దగ్గర్లోని ముఖలింగం గుడిలో రాళ్ల మీద పాత లిపిలో ఉన్న శాసనాలను తనంతట తానే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. తర్వాత భాషా వివాదం ముదిరింది. వాడుక మాటలు శిష్టులెవరూ రాయలేదని పండితులంటే, రాశారని చూపించడానికి పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు, శాసనాలు గాలించారు. 1933లో వచ్చిన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో ఇంకో అడుగు ముందుకేసి, గ్రాంథికవాదుల రాతల్లోనే వ్యాకరణానికి నిలవని రూపాలను ఏరి చూపించారు.

ఆ పని ఎలాంటి చదువో కాస్త ఊహించండి. కథ కోసం కాదు, రసం కోసం కాదు. ఒక క్రియారూపం కోసం వందల పేజీల మీద కన్ను పరుగెత్తాలి. అది దొరికిన చోట టక్కున ఆగాలి. ఇది రాసినవాడెవడు, ఏ కాలం వాడు, ఇది లేఖకుడి చేతప్పా, రచయిత మాటేనా, పద్యంలో ఛందస్సు కోసం వచ్చిందా, వచనంలో సహజంగా వచ్చిందా అని ఆ ఒక్క వాక్యం దగ్గర కూర్చోవాలి. ఈ రెంటికంటే ముందు ఇంకో పనుంది: ఎదురుగా ఉన్న పుస్తకాల గుట్టలో ఏది వెతకదగ్గదో, ఏది పక్కన పెట్టదగ్గదో నాలుగు పేజీలు తిప్పి తేల్చుకోవడం.

ఈ మూడు పనులకూ బోధనశాస్త్రంలో పేర్లున్నాయి. స్కిమ్మింగ్, స్కానింగ్, క్లోజ్ రీడింగ్. బీఈడీ చదివిన ప్రతివాళ్లం ఈ పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. నేను మాత్రం ఇక్కడ తిరగేయడం, వెతకడం, ఆగి చదవడం అంటాను. ఉన్నత పాఠశాల పిల్లలకు వీటిని ఎలా నేర్పాలన్నదే ఇవాళ్టి సంగతి.

ముందు నా మాట చెప్పేస్తాను. ఈ మూడింటినీ మనం మూడు వేగాలుగా చెప్తున్నాం: ఒకటి వేగంగా, ఒకటి ఇంకా వేగంగా, ఒకటి నెమ్మదిగా. అలా చెప్పినంతకాలం పిల్లలకు రావు. అవి మూడు ప్రశ్నలు. ఇది దేని సంగతి? నాక్కావలసింది ఎక్కడుంది? దీన్ని ఇలాగే ఎందుకు చెప్పారు? పేజీ దగ్గరికి వెళ్లేటప్పుడు చదివేవాడి చేతిలో ఏ ప్రశ్న ఉందో దాన్నిబట్టి వేగం దానంతటదే కుదురుతుంది. మన తరగతుల్లో ప్రశ్న ఎప్పుడొస్తోంది? చదవడం అయిపోయాక. ఎవరినుంచి? పాఠం చివరి అభ్యాసం నుంచి, లేదా గైడు నుంచి. ప్రశ్న లేకుండా చదివినవాడికి వేగం ఎంచుకునే అవసరమే రాదు.

మన బడిలో పాఠం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఒకరు లేచి పైకి చదువుతారు. మేష్టారు ఆపి వివరిస్తారు. మళ్లీ ఇంకొకరు. వారానికి పాఠం పూర్తి. పదిలోపు పిల్లవాడు తనంతట తాను, పెదవి కదపకుండా, ఒక కొత్త పేజీని ఆ మూల నుంచి ఈ మూలకు చదివిన సందర్భం తరగతి గదిలో ఒక్కటైనా ఉందా? చాలా బడుల్లో అది పరీక్ష హాల్లోనే మొదటిసారి జరుగుతుంది, ‘అవగాహన – ప్రతిస్పందన’ విభాగంలో అపరిచిత గద్యం ఎదురైనప్పుడు.

ఆ గద్యం సంగతి కూడా చూద్దాం. ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో నేనొక వాక్యం బోర్డు మీద రాస్తుంటాను: “జంబిలి ఊడెంలో కొరడిని తెప్పలించింది.” ఇందులో అర్థమున్న మాట ఒక్కటీ లేదు, అన్నీ నేను కల్పించినవే. కింద ప్రశ్నలు. జంబిలి ఎక్కడ తెప్పలించింది? ఊడెంలో. దేన్ని తెప్పలించింది? కొరడిని. కొరడిని తెప్పలించింది ఎవరు? జంబిలి. మూడింటికి మూడూ కరెక్టు. మన ప్రశ్నపత్రాల్లో అపరిచిత గద్యం కింద ఇచ్చే ప్రశ్నల్లో సగానికి సగం ఈ జాతివే. ప్రశ్నలోని మాటను గద్యంలో పట్టుకుని, దాని పక్కనున్నది ఎత్తి రాస్తే చాలు. అంటే మనం నేర్పకుండానే పిల్లలు ‘వెతకడం’ నేర్చేసుకున్నారు, కాకపోతే అర్థంతో పనిలేని వెతుకులాటగా. దానికే అవగాహన అని పేరుపెట్టి మార్కులు వేస్తున్నాం.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. అక్షరాలు ఇంకా కూడబలుక్కునే పిల్లవాడికి ఈ మూడింటిలో ఏదీ సాధ్యం కాదు. మన లిపిలో గుణింతాలు, వత్తులు కలిపి నేర్చుకోవాల్సిన ఆకారాలు వందల్లో ఉంటాయి. మనకు తోబుట్టువు లిపి అయిన కన్నడంలో పిల్లలు అక్షరాలు నేర్చుకునే తీరును సోనాలీ నాగ్ పరిశోధించారు. ఆ పని మొదటి ఏడాదితో ముగియదు, ప్రాథమిక తరగతుల్లో చాలా ఏళ్లపాటు సాగుతుందని చూపించారు. తొమ్మిదో తరగతికి వచ్చినా వత్తు దగ్గర తడబడే పిల్లలు మన గదుల్లో ఉన్నారు. వాళ్లకు పైకి చదవడమే కావాలి, అది విడిగా, రోజూ, సిగ్గుపడనివ్వకుండా జరగాలి. నేను మాట్లాడుతున్నది ఆ గడప దాటినవాళ్ల గురించి. విచిత్రమేమిటంటే, గడప దాటని పది మంది కోసమని మనం దాటిన ముప్పై మంది చేత కూడా రోజూ పైకే చదివిస్తున్నాం.

తిరగేయడం దగ్గర మొదలుపెడదాం. తెలుగు మేష్టర్లకు ఇది నచ్చదు. పైపైన చూడటం, అంటీముట్టనట్టు చదవడం అంటే మన దృష్టిలో తప్పు. కానీ దీనికి సాధనం మన పాఠ్యప్రణాళికలోనే ఏళ్ల తరబడి ఉంది. దాని పేరు ఉపవాచకం.

మన తండ్రుల కాలంలో దాన్ని నాన్‌డిటెయిల్డ్ అనేవారు. ఆ ఏర్పాటు వెనక ఒక ఆలోచనుంది. హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లిషు భాషాబోధకుడు 1921 నాటి తన పుస్తకంలో రెండు రకాల చదువును విడదీశాడు. ఒకటి కొద్ది పేజీలను లోతుగా చదవడం, రెండోది ఎక్కువ పేజీలను విస్తారంగా చదువుకుంటూ పోవడం. అదే కాలంలో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు ఇంగ్లిషులో మాట్లాడటం కంటే ముందు చదవడం రావాలని వాదించి, తేలిక మాటలతో వరుసగా వాచకాలు తయారుచేశాడు. ప్రధాన వాచకం లోతు కోసం, పక్క పుస్తకం పరుగు కోసం అన్న విభజనలో ఉన్నది ఆ ఆలోచనే. తెలుగు వాచకానికీ అదే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు ఏం జరుగుతోంది? పదో తరగతి ఉపవాచకం రామాయణం. ఈ కథ తెలియని పిల్లవాడు తెలుగునాట అరుదు. సినిమాల్లో చూశాడు, శ్రీరామనవమి పందిట్లో విన్నాడు, ఇతర మతాల పిల్లలకు కూడా ఎంతో కొంత తెలుసు. తిరగేయడం నేర్పడానికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకదు, ఎందుకంటే కథ తప్పిపోతుందన్న భయం లేదు. అయోధ్యాకాండ ఇచ్చి ఐదు నిమిషాల్లో తిప్పమనవచ్చు. పుస్తకం మూయించి, ఈ రచయిత కైక మీద ఎంతసేపు ఉన్నాడు, భరతుడి మీద ఎంతసేపు ఉన్నాడు, నీకు తెలిసిన కథలోంచి ఇందులో ఏది వదిలేశాడు అని అడగవచ్చు. మనం మాత్రం దాన్ని కూడా కాండ కాండా పైకి చదివించి, ముఖ్యమైన ప్రశ్నలు డిక్టేషన్ చెప్పి, మరో డిటెయిల్డ్ చేసేశాం. పరుగు కోసం పెట్టిన పుస్తకాన్ని కూర్చోబెట్టాం.

తిరగేయడం నేర్పే పీరియడు ఇలా ఉండొచ్చు. కొత్త పాఠం తెరవమనండి. రెండు నిమిషాలు గడియారం చూడండి. పుస్తకాలు మూయించండి. ఒక్కొక్కరూ ఒక వాక్యం చెప్పాలి: ఇది దేని గురించి, రాసినవారు ఎటువైపున్నారు. చెప్పినవన్నీ బోర్డు మీద రాయండి. తప్పనిపించినా దిద్దకండి. ఇక్కడే మన నాలుక దురదపెడుతుంది, పట్టుకోండి. తర్వాత పాఠం చదివేటప్పుడు ఆ వాక్యాలు బోర్డు మీదే ఉండాలి. చదువుతూ చదువుతూ పిల్లలే వచ్చి తమ వాక్యం దిద్దుకోవాలి. ఊహ తప్పితే నష్టమేమీ లేదు. చదివాక కూడా మొదటి ఊహనే పట్టుకు వేలాడితే అదే తప్పు.

రెండు నిమిషాల్లో ఏం చూడాలో చెప్పాలి కదా. ఇంగ్లిషు పుస్తకాలు చెప్పే సూత్రం ప్రతి పేరాలో మొదటి వాక్యం చదవమని. తెలుగు వ్యాసానికి అది సరిగా అతకదని నా అనుభవం. మన వ్యాసకర్త పేరాను ఒక సామెతతోనో, ఎదుటివాడి వాదంతోనో, ‘పూర్వం’ అనో మొదలుపెడతాడు. అసలు మాట పేరా చివర దిగుతుంది. వాక్యంలో కూడా అంతే, క్రియ చివర ఉంటుంది. అది ‘ఉంది’ అవుతుందో ‘లేదు’ అవుతుందో చివరిదాకా తెలియదు. కాబట్టి తెలుగు పిల్లలకు పేరా చివరి వాక్యం చూడటం అలవాటు చేయాలి. వాచకంలో పాఠ్యభాగ ఉద్దేశం, ప్రవేశిక అని పెట్టెలు కట్టి ఇస్తారు. వాటిని ‘పరీక్షకు రావు’ అని దాటేస్తాం. తిరగేసేవాడు మొదట ఆగాల్సింది అక్కడే. వార్తాపత్రిక ఇంకా తేలిక. శీర్షిక, ఉపశీర్షిక, ఊరి పేరు, మొదటి పేరా చూస్తే చాలు, ముఖ్యమైనది ముందు వేసే పద్ధతి కాబట్టి. పత్రికా, వాచకమూ పక్కపక్కన పెట్టి, విషయం ఏది ఎక్కడ దాచుకుందో పిల్లల చేతే కనిపెట్టించవచ్చు.

ఫోన్‌లో వేలితో తోసుకుంటూ పోవడం కూడా తిరగేయడమే కదా అని ఒక మిత్రుడు అడిగారు. కాదు. తిరగేసినవాడి చేతిలో చివరకు ఒక ఊహ మిగలాలి, ఎక్కడ ఆగాలో తెలియాలి. ఫోన్ తోసినవాడిని ఇందాక ఏం చూశావని అడిగి చూడండి.

ఇక వెతకడం. ఇది అందరికీ వచ్చనుకుంటాం. కానీ తెలుగు పేజీలో వెతకడానికి కొన్ని సొంత చిక్కులున్నాయి, వీటిని ఏ శిక్షణ పుస్తకమూ మనకు చెప్పదు. ఇంగ్లిషు పేజీలో మనిషి పేరు, ఊరి పేరు పెద్దక్షరంతో మొదలై దూరం నుంచే కనబడతాయి. మన లిపిలో ఆ సదుపాయం లేదు. మనకు అంకెలు కనిపిస్తాయి, కొటేషన్ గుర్తులు కనిపిస్తాయి, అంతే. మన భాషలో మేలు ఒకటుంది: విభక్తులు మాట వెనక చేరతాయి. విజయవాడలో, విజయవాడకు, విజయవాడనుంచి, ఏదైనా మొదలు మారదు. అందుకని వెతికే కన్ను మాట తలను పట్టుకోవాలి. తల మీద కన్ను వేసి నిలువుగా కిందికి దిగాలి. ఇది సాధన చేయిస్తే వారం రోజుల్లో వస్తుంది. సంధి జరిగిన చోట, సమాసంలో కావలసిన మాట రెండోదైన చోట తల దొరకదు. అలాంటివి నాలుగు చూపించి హెచ్చరించాలి.

రెండో చిక్కు మాటల సంపద. చనిపోయిన సంవత్సరం వెతకమంటే, పేజీలో ఆ మాట ఉండదు. కన్నుమూశారు, అస్తమించారు, పరమపదించారు, కీర్తిశేషులయ్యారు, తనువు చాలించారు అని ఉంటుంది. చావుకు మన భాషలో ఉన్నన్ని మర్యాదలు బతుక్కి లేవు. జంబిలి పద్ధతిని విరగ్గొట్టడానికి ఇదే మందు. ప్రశ్నలో ఉన్న మాట గద్యంలో లేకుండా చూసుకుంటే చాలు, పిల్లవాడు అర్థం వైపు తిరగక తప్పదు. ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులు ఇక్కడున్నారు, వారికి ఇదొక్కటి మనవి.

వెతకడానికి వాచకం మంచి సాధనం కాదు. నిజంగా మనుషులు వెతికే కాగితాలు తరగతికి తేవాలి. నాకు బాగా పనిచేసినవాటిలో ఒకటి పురుగుమందు డబ్బాతో వచ్చే మడతల కాగితం. పత్తి, మిరప పండే ఊళ్లలో ఏ పిల్లవాణ్ణి అడిగినా రేపు తెచ్చేస్తాడు. ఖాళీ డబ్బా మాత్రం తేవద్దని గట్టిగా చెప్పండి.

ముందు డబ్బా లేబుల్ మీద ఉండే రంగుల గుర్తును బోర్డు మీద గీసి చెప్పండి. వజ్రాకారంలో ఉండే ఆ గుర్తు కింది భాగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతూ వస్తాయి. ఎరుపు ఉన్న డబ్బా మీద పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉంటుంది. లోపలి కాగితంలో ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు, ఎన్ని నీళ్లు, చివరిసారి కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలి, విషం సోకితే కనిపించే లక్షణాలేమిటి, ప్రథమ చికిత్స ఏమిటి, విరుగుడేమిటి, అన్నీ ఉంటాయి. అక్షరాలు మాత్రం చీమల బారు. పిల్లలకు ప్రశ్న ఇవ్వండి: మిరపకు తామర పురుగు పట్టింది, ఎంత కొట్టాలి? మొదట ఎవరు కనిపెడతారో చూడండి. పట్టికలో పంట వరుసా, పురుగు వరుసా కలిసే గడి పట్టుకోవడం దానంతటదే ఒక పాఠం.

అసలు పాఠం తర్వాత వస్తుంది. దొరికిన అంకె ఎకరాకా, హెక్టారుకా? ఆ పట్టికల్లో మోతాదు హెక్టారుకు ఇస్తారు. మన రైతు లెక్క ఎకరాల్లో ఉంటుంది. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. అంకె పట్టుకుని పట్టిక తల మీదున్న మాట చదవని పిల్లవాడు వాళ్ల నాన్న చేత రెండున్నర రెట్లు మందు కొట్టిస్తాడు. వెతకడం సరిగ్గానే వెతికాడు, దొరికిన చోట ఆగలేదు. ఇంతకుముందు మూడు ప్రశ్నలన్నాను కదా, అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ‘ఎక్కడుంది’ అన్న ప్రశ్నకు జవాబు దొరికిన క్షణంలోనే ‘ఇలా ఎందుకు చెప్పారు’ అన్నది లేవాలి. ఈ తిరుగుడు అలవాటు చేయడమే మన పని. స్కిమ్మింగుకొక పీరియడు, స్కానింగుకొక పీరియడు అని పెట్టుకుంటే రాదు.

ఆగి చదవడం విషయంలో మనం పేదవాళ్లం కాము. ఇంగ్లిషువాళ్లు ఐ.ఎ. రిచర్డ్స్ పేరు చెబుతారు. ఆయన కేంబ్రిడ్జిలో విద్యార్థులకు కవి పేరు, కాలం తీసేసి పద్యాలు మాత్రమే ఇచ్చి, వాళ్లు రాసిన అభిప్రాయాలు కూర్చి 1929లో పుస్తకం వేశాడు. పేరు చూసి మెచ్చుకునే అలవాటు ఎంత గట్టిదో దాంతో బయటపడింది. మంచి పద్ధతే, మనమూ చేయొచ్చు. కవి పరిచయం చదివాక పద్యం చదివితే పిల్లవాడికి పద్యం కనిపించదు, కవికి వచ్చిన బిరుదులు కనిపిస్తాయి.

కానీ దానికి ఐదు వందల ఏళ్ల ముందే మెదక్ దగ్గరి కొలిచెలమ ఊరు ఇంటిపేరుగా గల మల్లినాథసూరి కాళిదాసును వాక్యం వాక్యం విప్పి వ్యాఖ్యానం రాశాడు. రాసేముందు తనకు తాను రెండు నియమాలు పెట్టుకున్నాడు. మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఆగి చదవడానికి ఇంతకంటే మంచి నిబంధన ప్రపంచంలో ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకు వ్యాఖ్య రాసింది ఆ దారిలోనే. ఆ వరసలోంచే మన బడికి ప్రతిపదార్థం, తాత్పర్యం వచ్చాయి.

వచ్చాయి గానీ, దారిలో ఒకటి జారిపోయింది. పాత గురువులు పద్యం చెప్పడంలో రెండు పద్ధతులు వాడేవారు. దండాన్వయంలో పద్యంలోని మాటలను వచనం వరసలో పేర్చి గురువే చెప్పేస్తాడు. ఖండాన్వయంలో ముందు క్రియను పట్టుకుని శిష్యుణ్ణి ప్రశ్నలడుగుతాడు. ఎవరు? దేన్ని? దేనితో? ఎలాంటివాడు? ప్రతి ప్రశ్నకూ శిష్యుడు పద్యంలోంచే మాట ఏరి ఇవ్వాలి. మొదటిది గురువు చదవడం, రెండోది శిష్యుడు చదవడం. మనం మొదటిదాన్ని ఉంచుకుని, అది కూడా నోట్సులోకి దించి, రెండోదాన్ని వదిలేశాం. ఇప్పుడు పిల్లవాడు ప్రతిపదార్థం కూడా బట్టీ పడుతున్నాడు. ఆగి చదివే శ్రమంతా మనమే పడి, ఫలితం వాడికి పొట్లం కట్టి ఇస్తున్నాం.

వెతికేటప్పుడు కన్ను మాట తల మీద ఉండాలన్నాను. ఆగి చదివేటప్పుడు తోక మీద ఉండాలి. తెలుగులో రచయిత వైఖరంతా మాటల చివర దాక్కుంటుంది. ‘వచ్చాడు’ వేరు, ‘వచ్చాడట’ వేరు, ‘వచ్చాడేమో’ వేరు, ‘వచ్చాడుగా’ వేరు. ‘రెండు బస్తాలే ఇచ్చారు’ అంటే ఫిర్యాదు, ‘రెండు బస్తాలూ ఇచ్చారు’ అంటే తృప్తి. వార్తలో ఒక్క ‘ట’ పడిందంటే రాసినవాడు బాధ్యత తన నెత్తి మీదనుంచి దింపుకున్నాడని అర్థం. పదో తరగతి పిల్లలకు వ్యాకరణం కింద సంధులు, సమాసాలు గుర్తుపట్టడం నేర్పుతాం. ఈ చిన్న తోకలను ఎవరూ పట్టించుకోరు, అవి పరీక్షలో అడగరు కాబట్టి. రేపు అప్పు కాగితం మీద సంతకం పెట్టబోయే పిల్లవాడికి సవర్ణదీర్ఘ సంధి కంటే ‘చెల్లించినచో’, ‘చెల్లించినను’ల తేడా ఎక్కువ అవసరం.

ఒక పాఠం ఉదాహరణగా చెప్పి ముగింపు వైపు వస్తాను. గురజాడ ‘దిద్దుబాటు’. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. గిడుగు, గురజాడ విజయనగరంలో చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్లే కాబట్టి ఈ సభలో ఆ కథ ప్రస్తావన అతిథిలా ఉండదు.

మొదట తిరగేయించండి. కథ మాటలతో మొదలవుతుంది, మధ్యలో భార్య కమలిని భర్త గోపాలరావుకు రాసిన ఉత్తరం ఉంది, చివర మళ్లీ మాటలు. ఇంత పట్టుకుంటే చాలు. తర్వాత వెతికించండి. గోపాలరావు ఎన్నింటికి ఇంటికొచ్చాడు? పేజీ మీద ఆ గంట కొట్టిన చోటు చూపించాలి. ఎక్కడికి వెళ్తున్నానని చెప్పేవాడు? నిజంగా ఎక్కడికి వెళ్తున్నాడు? ఇవన్నీ వేలు పెట్టి చూపించే సంగతులు.

ఇప్పుడు ఉత్తరం దగ్గర ఆగండి. గోపాలరావు స్వయంగా మొదటి మాట దగ్గరే ఆగిపోతాడు. ప్రేమగా పిలవాల్సిన చోట కమలిని ‘అయ్యా’ అని సంబోధించింది. ఆ ఒక్క మార్పుకే అతనికి కాలూ చెయ్యీ ఆడదు. రాత్రుళ్లు భార్య కళ్లలోకి చూసే తీరిక లేని మనిషి ఆమె రాసిన ఒక్కొక్క మాట దగ్గరా నిలబడి చదువుతాడు. గురజాడ కథలోనే ఆగి చదవడం ఎలాగో చూపించాడు. ఇల్లంతా మామూలు వాడుకలో మాట్లాడుకుంటుంటే, ఉత్తరం మాత్రం బరువైన గ్రాంథికంలో ఉంది. ఎందుకు? పిల్లలను అడగండి. చదువుకున్నానని చూపించుకోవడానికని ఒకరంటారు. దూరం పెట్టడానికని ఇంకొకరంటారు. కోపంగా ఉంటే మా అమ్మ కూడా నాన్నను ‘మీరు’ అంటుంది సార్ అని మరొకరు. చెప్పిందల్లా ఒప్పుకోకండి, మల్లినాథుడి నియమం పెట్టండి: ఏ మాటను బట్టి చెప్తున్నావో చూపించు.

చివర ఒక్క ప్రశ్న. ఈ ఉత్తరంలో ఆమె భర్తను ఎక్కడ తిట్టింది? పిల్లలు వెతుకుతారు. దొరకదు. తిట్టు ఒక్కటీ లేదు. ఇంట్లో తాను ఉండటంవల్లే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది, తాను పుట్టింటికి పోతే ఆ శ్రమ మీకు తప్పుతుంది అన్నంత వినయంగా ఉంటుంది. ప్రతి వాక్యం మర్యాదే, మొత్తం ఉత్తరం చెంపదెబ్బ. ఈ ప్రశ్నకు జవాబు పేజీలో ఏ ఒక్క చోటా లేదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉంది. జంబిలి పద్ధతి చేతులెత్తేసే చోటు ఇది. ఇలాంటి ప్రశ్న పాఠానికి ఒకటి చాలు, అన్నిటికీ ఆగి చదవమంటే కథ చచ్చిపోతుంది.

వేగం గురించి ఒక ముక్క. నిమిషానికి వేల మాటలు చదివిస్తామనే కోర్సుల ప్రకటనలు తల్లిదండ్రులు నమ్ముతున్నారు. చదివేటప్పుడు కంటి కదలికలను జీవితమంతా పరిశోధించిన కీత్ రేనర్, ఆయన సహచరులు ఈ విషయమై రాసిన పెద్ద సమీక్ష 2016లో వచ్చింది. వేగం బాగా పెంచితే అవగాహన తగ్గక తప్పదని, బాగా చదవగలగడానికి దారి కంటి కసరత్తులు కావని, భాష మీద పట్టేనని అందులో తేల్చారు. తిరగేసేవాడు కూడా వదిలేయాల్సింది తెలుసుకుని వదిలేస్తున్నాడు. అంతేగాని అంతా చదివేశానని అనుకోవడం లేదు.

సిలబస్ అవ్వదండీ అంటారని తెలుసు. నేను కొత్త పీరియడ్లు అడగడం లేదు. ఉపవాచకంలో ఒక్క కాండ చెప్పకుండా వదిలేయండి, పిల్లలనే తిప్పమనండి. వాచకంలో రెండు పాఠాలకు నోట్సు ఇవ్వకండి. తరగతిలో మీరే పెట్టే చిన్న పరీక్షల్లో ప్రశ్నలు మీ చేతిలోనే ఉంటాయి. గద్యంలో లేని మాటతో ఒక ప్రశ్న, చదివే ముందే ‘దీన్ని ఎలా చదవాలి?’ అని ఒక ప్రశ్న వేయండి. కరెంటు బిల్లు, కథ, మందు కాగితం మూడూ బల్ల మీద పెట్టి, దేన్ని తిరగేస్తావు, దేనిలో వెతుకుతావు, దేని దగ్గర ఆగుతావు అని అడిగితే జవాబులు ఎంత తేడాగా వస్తాయో చూడండి. ‘దేని దగ్గర ఆగుతావు’ అంటే కరెంటు బిల్లు దగ్గరని చెప్పిన అమ్మాయి ఉంది. గత నెల యూనిట్లకూ ఈ నెల యూనిట్లకూ పొంతన లేదట. సరైన జవాబే.

భోజనాల తర్వాత కమలిని ఉత్తరం ప్రతులు అందరికీ ఇస్తారు. కింద ఖాళీ ఉంచాం. తిరగేయడానికి ఒకటి, వెతకడానికి ఒకటి, ఆగడానికి ఒకటి, మూడే ప్రశ్నలు రాసి తీసుకురండి. మూడు గంటలకు ఒకరి ప్రశ్నలకు ఒకరం జవాబిచ్చుకుందాం.